పదిహేడో నంబరు కొక్కెం

ఒరిజినల్ అనే మాట చెవిన పడితే చాలు, చేతిలో ఉన్న స్పానర్‌ని ఎవరిమీదికైనా విసరాలనిపిస్తుంది నాకు. గార్లదిన్నెలో రోడ్డు పక్కన ఇరవై ఏళ్లుగా బండ్లు బాగుచేస్తున్నాను. ఇన్నేళ్లలో నా షాపు ముందు బండి ఆపిన ప్రతివాడూ అడిగింది ఒకటే: "జోయలూ, ఇది నడుస్తాదా?" నడిపించి పంపాను. వాషర్ దొరక్కపోతే సైకిల్ ట్యూబు కోసి వేశాను. బోల్టు దొరక్కపోతే బోరు మోటారుది తెచ్చి బిగించాను. అది ఏ కంపెనీదని ఎవడూ అడగలేదు. ఇప్పుడు కొత్త రకం గిరాకీ పుట్టింది. వీళ్లకు బండి నడవాల్సిన పనిలేదు, ఒరిజినల్‌గా నిలబడితే చాలు.

ఆ రకంలో మా మండలానికి మొదటివాడు హర్ష. చిదంబర రెడ్డిగారి ఒక్కగానొక్క కొడుకు. కాంట్రాక్టులు చేస్తాడు, వచ్చే ఎన్నికల్లో ఏదో ఒకదానికి నిలబడాలని చూస్తున్నాడు. నాకంటే రెండేళ్లు చిన్నవాడు. అయినా నిలబడబోయేవాడు కాబట్టి ఊరందరికీ అన్న. ఓటున్నవాణ్ణి కాబట్టి నేను అతనికి అన్న. అలా మేమిద్దరం ఒకరికొకరం అన్నలం.

చిదంబర రెడ్డిగారికి డెబ్బై ఒకటో సంవత్సరపు జావా మోటార్ సైకిలు ఉండేది. ఆయన బతికినన్నాళ్లూ కొడుకు ఆ బండి వైపు చూసిన పాపాన పోలేదు. ఎక్కితే ప్యాంటుకు ఆయిలు అంటుతుందనేవాడు. ఆయన పోయాక బండి అయిదేళ్లు రేకుల షెడ్డులో కోళ్లకు గూడుగా పనికొచ్చింది. ఆ తర్వాత బెంగళూరులో ఎవరో పాత బండ్ల ఊరేగింపు తీశారు, ఆ వీడియో మనవాడి ఫోనులోకి వచ్చింది, పితృభక్తి ఒక్కసారిగా పొంగింది. బండిని ట్రాలీలో వేసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"మా నాయన గుర్తన్నా ఇది. కంపెనీలోంచి బయటికొచ్చిన పొద్దు ఎట్లుండెనో అట్ల కావల్ల," అన్నాడు.

"నాయన గుర్తంటే ఆయన వాడిన గుర్తులు గదన్నా. ఈ సొట్ట చూడు, శింగనమల చెరువు కట్ట మీద పడినప్పటిది."

"సొట్ట తీసెయ్," అన్నాడు.

ఆరు నెలలు నా ప్రాణం తీశాడు. అనంతపురంలో కొట్టించిన మడ్‌గార్డు గట్టిగా, నున్నగా ఉంటే దాన్ని పీకించి, మైసూరు నుంచి జల్లెడలాంటిది తెప్పించాడు. చిల్లులు ఒరిజినల్ అట. మోగే హారన్ తీయించి మోగని హారన్ పెట్టించాడు. లారీ ఎదురొస్తే ఏం చేస్తావన్నా అంటే, ఈ బండి రోడ్డు మీదికి పోదు గదన్నా అన్నాడు. పైగా ప్రతి సామానూ పట్టుకుని "ఇది దేనికన్నా?" అని అడుగుతాడు. నేను చెబితే నమ్మడు. ఫొటో తీసి 'పాత బండ్ల పరివారం' అనే వాట్సప్ గ్రూపులో పెడతాడు. అక్కడ రెండొందల మంది పెద్దలున్నారు. బండి తుడవడానికి కూడా మనిషిని పెట్టుకునే రకం. ట్యాంకు కింద తగిలించిన గాలి పంపు దేనికా అని వాళ్లు మూడు రోజులు తర్జనభర్జన పడి, చివరికి గాలి కొట్టడానికేనని తేల్చారు.

ఒకరోజు వెనక మడ్‌గార్డు కింద తుప్పు గీకుతుంటే చాసీకి అతికిన ఇనుప కొక్కెం బయటపడింది. బొటనవేలంత లావు. పక్కన 17 అని అంకె గుద్ది ఉంది. దానికి నాలుగు వేళ్ల కింద ఇంకో పాత అతుకు మచ్చ. హర్ష మోకాళ్ల మీద కూర్చుని దాన్ని తడిమాడు.

"ఇది దేనికన్నా?"

"తెలీదన్నా," అన్నాను.

"కంపెనీదైతే ఉండల్ల. ఈడెవడో లోకల్‌గా అతికించింటే గ్రైండర్ పెట్టి కోసెయ్. గ్రూపులో అడుగుతా, అంతవరకు ముట్టుకోవద్దు."

తెలీకపోవడమేమిటి? ఆ కొక్కెం అతికించిన రోజు పక్కన నిలబడి గ్యాసు మంట సరిచేసింది నేనే.

అది రెండువేల మూడు. వానలు వరసగా ఎగ్గొట్టి, మేత లేక, ఎద్దుల్ని సంతకు తోలని ఇల్లు లేదు. తీరా అన్నీ తోలేశాక ఆ జూలైలో పదును వాన పడింది. బాడుగ ట్రాక్టర్లతో అందరూ వేరుశనగ విత్తారు. మొలకతో పాటు కలుపూ లేచింది. చాళ్ల మధ్య కలుపు కొయ్యాలంటే గుంటక తోలాలి, గుంటక లాగడానికి ఎద్దులేవి? అప్పుడు మా గురువు బాలప్ప మోటార్ సైకిలు వెనక కొక్కెం అతికించి దానికి గుంటక తగిలించాడు. ముందు ఒకరు మొదటి గేరులో మెల్లగా పోతుంటే, వెనక ఒకరు గుంటక పిడి, అదే మేడి, పట్టుకుని నొక్కుతూ నడవాలి. ఒక్కో కొక్కేనికి ఒక్కో చీల. అవి తారుమారు కాకుండా రెంటి మీదా ఒకే నంబరు గుద్దేవాడు. ఆ ఏడు ముప్పై ఒక్క బండ్లకు అతికించాం. పదిహేడోది చిదంబర రెడ్డిగారి జావా.

బండి తోలడానికి రెడ్డిగారున్నారు. మేడి పట్టడానికి మనిషేడీ? కూలీలంతా బెంగళూరు బిల్డింగుల పనికి పోయారు. చివరికి ఆయన భార్య సుబ్బలక్ష్మమ్మ పట్టింది. ఎండ కన్నెరుగని ఇల్లాలు, రెడ్డిగారింటి కోడలు, మోటార్ సైకిలు వెనక గుంటక పట్టుకుని నడిచింది. ఎవరి కంటా పడకూడదని తెల్లారకముందే మొదలుపెట్టి, జనం లేచేసరికి ఇంటికి చేరేవాళ్లు. రెండో రోజు కొక్కెం ఎలా పనిచేస్తుందో చూద్దామని నేనూ బాలప్పా ఆ చేనికి వెళ్లాం. ఆమె పొట్టి మనిషి. మేడి ఆమె భుజాల దాకా ఉంది. పైకి చాచి పట్టి నొక్కలేక అరచేతులు బొబ్బలెక్కి, చిట్లి, మేడికి నెత్తురంటింది. బాలప్ప మేడి ఎత్తును జానతో కొలిచాడు. ఆ సాయంత్రం బండి తెప్పించి, కొక్కెం కోసి, నాలుగు వేళ్లు పైకి జరిపి మళ్లీ అతికించాడు. కొక్కెం లేస్తే వెనక మేడి దిగుతుంది.

రెడ్డిగారు మా ఇద్దరి చేతులూ పట్టుకున్నారు. "ఈ మాట బయట పొక్కగూడదప్పా. మా పిల్లోడికి అసలు తెలీగూడదు. ఆడ హాస్టల్లో చదువుకుంటాండాడు, తెలిస్తే మాని వచ్చేస్తాడు," అన్నారు. మేం నోరు మెదపలేదు. మన హర్ష చదువు మానలేదు, ఇంకేదీ మానలేదు.

బాలప్ప పోయి నాలుగేళ్లయింది. ఆయనకు షాపు బోర్డు లేదు. ఫొటో అంటే ఆధార్ కార్డు మీదదే. ముప్పై బండ్లూ ఒక్కొక్కటే పాత ఇనుము కింద పోయాయి. ఆయన చేతిపని ఈ భూమ్మీద మిగిలింది ఈ కొక్కెం ఒక్కటే. లోకల్ అని నోరు జారానా, నా చేతులతోనే కొయ్యాలి. అందుకే తెలీదన్నాను.

ఇక గ్రూపులో పండగ. సైడు కారు తగిలించడానికని ఒకరు. జెండా కర్ర కోసమని ఒకరు. యుద్ధకాలంలో మిషన్ గన్ లాగడానికని ఒక రిటైర్డు ఆయన; ఆ యుద్ధం ఎవరితోనో చెప్పలేదు. వీళ్లందరినీ ఉదయ్ కుమార్ నోరు మూయించాడు. బెంగళూరులో పాత బండ్లకు ఒరిజినల్ అని సర్టిఫికెట్ ఇచ్చే సంఘానికి పెద్ద. ఫొటో చూసి రెండు పేజీలు రాశాడు. కంపెనీ మిలిటరీ కోసం రహస్యంగా చేసిన కొన్ని బండ్లలో ఇది పదిహేడోదట. కింది మచ్చ, మన దేశపు గుంతల రోడ్లు చూసి ఇంజనీర్లు కొక్కేన్ని పైకి జరిపిన గుర్తట. వారం తిరక్కముందే హైదరాబాదులో ఎవరో అలాంటి కొక్కేలు చేసి, 'ఒరిజినల్ రకం' అని అమ్మకానికి పెట్టారు. నంబరుతో సహా. నవ్వి నవ్వి నాకు పొలమారింది. మా బాలప్ప గొప్పతనం లోకానికి తెలిసినందుకు సంతోషమూ వేసింది, ఆయన పేరు మాత్రం తెలియకుండా.

ఆ వారంలోనే సుబ్బలక్ష్మమ్మ ఆటో దిగి షాపుకు వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. బండి వెనక్కి పోయి, వంగి కొక్కెం పట్టుకుని చూసింది.

"జోయలూ, వాడికి చెప్పల్లని ఉండాదప్పా," అంది. "మీ రెడ్డి పొయ్యేముందు కూడా అన్యాడు, ఇంగ చెప్పొచ్చులే, చదువైపోయింది గదా అని. నాకే నోరు రాలేదు. అందరమ్మల మాదిరి అన్నం వండి పెట్టి సాకినాననుకుంటాండాడు వాడు. ఊరికి తెలీనక్కర్లే. వాడొక్కడికి తెలిస్తే సాలు."

"చెప్పమ్మా. నీ కొడుకే గదా."

"నమ్మడప్పా. ఈ నడమ నేనేం చెప్పినా నీకు తెలీదులేమ్మా అంటాడు. నేను చెప్పేటప్పుడు నువ్వు పక్కనుండల్ల. చూసినోడివి నువ్వొక్కడివే మిగిలినావు."

"ఉంటానమ్మా," అన్నాను. ఆ క్షణాన నిజంగానే అన్నాను.

ఉదయ్ కుమార్ ఒక ఆదివారం బండి చూడటానికి స్వయంగా వచ్చాడు. మెడలో భూతద్దం, చేతిలో టార్చి. డాక్టరు కూడా అంత సరంజామాతో మా ఊరికి రాడు. బండిని రెడ్డిగారి ఇంటి ముందు నిలబెట్టాం. సుబ్బలక్ష్మమ్మ అరుగు మీద కూర్చుంది. నేను సామాన్ల సంచితో పక్కన నిలబడ్డాను. సంచిలో గ్రైండర్ ఉంది. అది కూడా తెమ్మని హర్ష ముందే చెప్పాడు, కొక్కెం కంపెనీదని తేలకపోతే అక్కడికక్కడే కొయ్యడానికి.

ఉదయ్ కుమార్ నేల మీద పడుకుని అరగంట చూసి లేచాడు. "ఈ అతుకు చూడండి, ఎంత సమంగా ఉందో! ఇది ఫారిన్ మెషీన్ పని. చేత్తో రాదు. అందులోనూ ఇలాంటి ఊళ్లలో అసలు రాదు," అన్నాడు. బాలప్పను బతికుండగా ఎవరూ అంతగా పొగడలేదు.

అప్పుడు సుబ్బలక్ష్మమ్మ అరుగు దిగింది.

"మిషనూ గాదు, మిలిట్రీ గాదప్పా. అది గుంటక కొక్కెం. మా బాలప్ప అతికించినాడు." ఉదయ్ కుమార్‌తో మొదలుపెట్టి కొడుకు వైపు తిరిగింది. "హర్షా, నువ్వు హాస్టల్లో ఉన్న ఏడు మనకు ఎద్దుల్లేవు, కూలోల్లు లేరు. మీ నాయన బండి తోలినాడు, నేను మేడి పట్టినా. పదైదు దినాలు. నాకు మేడి అందలేదని బాలప్ప కొక్కేన్ని పైకి జరిపినాడు. ఆ కింద మచ్చ అదే."

ఉదయ్ కుమార్ చిన్నపిల్లలతో నవ్వినట్టు నవ్వాడు. "మీరు ఇంకేదో బండి గురించి చెబుతున్నారమ్మా. దీని మీద నేను వ్యాసం కూడా రాశాను." ఆ తర్వాత హర్షను చూశాడు. "లోకల్ పని అయితే మాత్రం తీసేయాలి. లేకపోతే సర్టిఫికెట్ కుదరదు. తీసేస్తే ఇది మామూలు జావా, అంతే."

"అమ్మకు వయసైంది సార్," అన్నాడు హర్ష. "మొన్న గ్యాసు ఆర్పేది గూడా మర్చిపోయింది."

 ఆమె నా వైపు తిరిగింది. "జోయలూ, నువ్వుంటివి గదప్పా ఆ పొద్దు. నా చేతులు చూసినావు గదా. చెప్పు."

అందరూ నన్నే చూశారు. సంచి భుజానికి బరువుగా ఉంది. అవునంటే ఐదు నిమిషాల్లో బాలప్ప చేతిపని నేల మీద ముక్కై పడుతుంది, కోసేది నేనే. కాదంటే ఆ ముసలామె నలుగురిలో మతి చెడిన మనిషి అవుతుంది. ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను, దాచి ఏం లాభం? పొద్దున కారు దిగుతూనే ఉదయ్ కుమార్, తన దగ్గర ఇంకా మూడు బండ్లున్నాయని, నా చేతిలో పెడతానని అన్నాడు. అవి కూడా గుర్తొచ్చాయి. గురుభక్తి అని పైకి చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది.

"నాకు గుర్తులేదమ్మా," అన్నాను. "ఆ ఏడు శానా బండ్లు చేసినాం."

ఆమె కొంగు సర్దుకుంది. "ఔనా," అంది. లోపలికి వెళ్లిపోయింది.

ఉదయ్ కుమార్ అక్కడే కాయితం మీద సంతకం పెట్టాడు. పూర్తిగా ఒరిజినల్. కొక్కేనికి ప్రత్యేకంగా ఒక లైను. హర్ష దాన్ని బండి సీటు మీద పెట్టి ఫొటో తీసుకున్నాడు. భోజనాలయ్యాక కారు బెంగళూరు దారి పట్టింది.

నేను వెళ్లిపోవాల్సింది. కాళ్లు రాలేదు. సంచితోనే పెరట్లోకి పోతే ఆమె నీడన కూర్చుని విత్తనపు వేరుశనగ కాయలు వలుస్తోంది.

"కోసేస్తారని భయపడి చెప్పలేదమ్మా," అన్నాను. "బాలప్పది అదొక్కటే మిగిలుండాది."

"కోసుకోనీకపోయినావా. ఇనుముదేముండాది?" అంది, తలెత్తకుండా. "బాలప్పే ఉన్నింటే వాడే కోసి పారేసి, నా పక్క మాట్లాడుండు."

నా సిగ్గు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె చెప్పింది నిజం. బాలప్ప ఆ కొక్కేన్ని ఒకసారి ఆమె చేతుల కోసం కోసినవాడే. నేను ఇన్నేళ్లు ఆయన దగ్గర అతకడం నేర్చుకున్నాను గానీ అది నేర్చుకోలేదు. సంచి అక్కడే వదిలి ఇంటి ముందుకు నడిచాను.

హర్ష బండి మీద కూర్చుని ఫోనులో అభినందనలు చదువుకుంటున్నాడు.

"అన్నా, మీయమ్మ చెప్పింది నిజం. నేనే అబద్ధం చెప్పినా. బాలప్పే అతికించినాడు. మీయమ్మ మేడి పట్టింది, చేతులు పగిలి నెత్తురు కారింది, నా కండ్లతో చూసినా. కావల్లంటే ఇప్పుడే కోసేస్తా."

అతను ఫోను మీంచి చూపు తిప్పలేదు. "నాకు తెలుసన్నా," అన్నాడు.

"ఏం తెలుసు?"

"దసరా సెలవులకు వచ్చినప్పుడు అమ్మ చేతులు చూసినా. బోరింగు కొట్టి అట్లయినాయి అన్నది. బోరింగులో నీళ్లే లేవు ఆ ఏడు. నేనేం పిచ్చోడినా? తెలీనట్ల ఉన్నా." గొంతు తగ్గించాడు. "ఇప్పుడేమంటావు, రెడ్డిగారమ్మ గుంటక పట్టిందని నలుగుర్లో చెప్పుకోమంటావా? వచ్చే ఏడు ఎలక్షన్లన్నా. ఆ కొక్కెం కంపెనీదే. నువ్వు గూడా అట్లే అనుకో."

"నలుగురికి వద్దులే. లోపలికి పోయి, తెలుసుమ్మా అని ఆమెకొక్క మాట చెప్పు."

"చెప్తాలే, ఎప్పుడో ఒకప్పుడు," అన్నాడు. ఫోను మోగింది. "ఆ సార్, సెవెంటీన్ సిరీసే సార్," అంటూ బండి దిగి వీధిలోకి నడిచాడు.

అప్పుడు స్పానర్ విసరాల్సింది. ఇరవై ఏళ్లుగా ఎవరెవరి మీదో విసరాలనుకున్న నాకు, విసరాల్సిన మనిషి దొరికిన రోజు చెయ్యి లేవలేదు. ఏడుపొచ్చింది, అంతే.

సంచి తీసుకోవడానికి మళ్లీ పెరట్లోకి పోవాల్సి వచ్చింది. ఆమె ఒలిచే కాయ ఆపి నా ముఖం చూసింది.

"వాడికి చెప్పినావా?"

"చెప్పినానమ్మా."

"నమ్మినాడా?"

"నమ్మినాడు."

ఆమె చేతులు ఒడిలో పెట్టుకుంది. "ఏమన్యాడు?"

నోటికొచ్చింది చెప్పాను. "ఏమీ అనలేదమ్మా. ఏడ్చినాడు."

ఆమె ముఖం ఎలా మారిందో నేను చెప్పలేను. పైట చెంగుతో కళ్లు ఒత్తుకుంది, నవ్వింది, వాకిలి వైపు చూసింది. అక్కడ ఫోనులో మాట్లాడుతున్న అతని గొంతు పెద్దగా వినిపిస్తోంది.

"ఏడ్చేకి ఏముండాదప్పా, పిచ్చినాయన," అంది. "మొగం చూపీలేక బయట తిరుగుతాండాడు. నువ్వేం అనొద్దులే వాణ్ణి."

అని, లేచి, నాకు కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది.